మత్తునిద్రలో చలి

రోహిణి కార్తెలో రెండు శాలువలు, ఒక కంబళి, ఉన్ని మేజోళ్లు మూటగట్టుకొని రైలెక్కిన ఆడుదానిని మీరెన్నడైన చూచితిరా? గడచిన వేసవిలో నేనట్లు ఎక్కితిని. పెట్టెలోనివారందఱును చెమటలు తుడుచుకొనుచు, చేతికి చిక్కిన కాగితముతో విసరుకొనుచుండగా, నా యొడిలోని కంబళిని చూచి ఎదుటి బల్లమీది ముత్తైదువ యొకతె "బదరీయాత్రకా అమ్మా?" అని అడిగెను. "విశాఖపట్టణమునకండీ, ఆసుపత్రికి" అంటిని. ఆమె నన్ను ఎగాదిగ చూచి మఱి మాటాడలేదు. నా ప్రక్కన కూర్చున్న మా ఆడపడుచు మాత్రము కొంగు నోటికడ్డము పెట్టుకొని నవ్వినది. ఆ ప్రయాణములో ఆమె నవ్వినది ఆ యొక్కసారియే.

మా ఆడపడుచుకు కవలపిల్లలు. ఆ కాన్పు తరువాత ఆమె ఉదరము మునుపటివలె కుదురుకొనలేదు. కడుపు నడిమి కండరములు రెండును ఎడమైనవి. చర్మము సాగి ముడుతలు పడి వ్రేలాడినది. పథ్యము చేసెను, నడుముపట్టీ కట్టెను, ఏడాదిపాటు వేకువనే లేచి వ్యాయామము చేసెను. దేహము చిక్కినదే గాని పొట్ట తగ్గలేదు. పెండ్లిపందిళ్లలోను పేరంటములలోను "ఎన్నవ నెలమ్మా?" అని ప్రేమతో అడుగువారికి జవాబు చెప్పలేక ఆఱేండ్లలో ఆమె శుభకార్యములకు పోవుటయే మానుకొనెను. తుదకు, సాగిన చర్మమును కోసి తీసి, కండరములను దగ్గఱకు కుట్టు శస్త్రచికిత్సయు, నడుము ప్రక్కల కొవ్వును గొట్టముతో లాగు చికిత్సయు ఒక్కసారిగా చేయించుకొన నిశ్చయించుకొనెను. భర్త ఒప్పుకొనెను. పుట్టినింటిలో నాకొక్కదానికే చెప్పినది. "అమ్మతోను అన్నయ్యతోను అనకు వదినా. గర్భసంచికి ఆపరేషనని చెప్పుదాము" అని చేతిలో చేయి వేయించుకొన్నది.

నిజము చెప్పవలయునన్న, మొదట నాకును నచ్చలేదు. రోగము లేని దేహమును కోయించుకొనుట యేమి, బిడ్డల తల్లికి ఈ సొగసేమి యని మందలించితిని. ఆమె కోపపడలేదు. "నీకేమి వదినా, నిన్నెవరు ఎన్నవ నెలయని అడుగుదురు?" అనెను. నేను నోరు మూసికొంటిని. వైద్యుడైన మా తాతగారి పెట్టెలో సుశ్రుతసంహిత యుండెడిది. నాయనగారు నాకు అమరకోశము ముగిసిన పిమ్మట అందులోని కొన్ని పుటలను చదివించిరి. తెగిన చెవితమ్మెను అతుకుట, పోయిన ముక్కును చెక్కిలి చర్మముతో తిరిగి నిర్మించుట అందులో వివరముగా నున్నవి. ముక్కు లేకున్నను మనుష్యుడు బ్రతుకును. ఐనను నలుగురిలో తలయెత్తుకొని తిరుగుటకు ముక్కు కావలయునని ఆనాటి వైద్యులు ఒప్పుకొనిరి గదా! కడుపు విషయములో మాత్రము నేనేల అడ్డుపడవలె నని నాకు నేనే సమాధానము చెప్పుకొంటిని.

కాని నా మనస్సులో వేఱొక భయము మిగిలియుండెను. అది నా స్వానుభవము. నాలుగేండ్ల క్రిందట పిత్తాశయములోని రాళ్లకు నాకు శస్త్రచికిత్స జరిగినది. ఏ ఊర, ఏ ఆసుపత్రిలో నన్నది ఇక్కడ అప్రస్తుతము. మత్తు దిగి నేను కన్ను తెఱచునప్పటికి నాకు నొప్పి తెలియలేదు, దాహము తెలియలేదు. చలి యొక్కటియే తెలిసినది. పండ్లు టకటక కొట్టుకొనుచుండెను. మంచమే కదలుచుండెను. వణకినప్పుడెల్ల క్రొత్త కుట్లు చుఱుక్కుమనుచుండెను. నర్సమ్మను పిలిచినచో "మత్తు దిగుచున్నది, అందఱికి నింతే" అని పలుచని దుప్పటి యొకటి కప్పి పోయినది. అరగంటయో, గంటయో నాకు తెలియదు గాని, ఆ వణకుముందు నా ప్రసవవేదన చిన్నదనిపించినది. ఇంటికి వచ్చి ఎవరికిని చెప్పలేదు. ఒడలి బలహీనత యనుకొంటిని.

ఆడపడుచుతో మొదట ఒక చికిత్సాలయమునకు పోయితిమి. చిన్నది, చక్కనిది, అద్దపు తలుపులు, గోడలనిండ అందగత్తెల బొమ్మలు. ధరయు తక్కువయే. అన్నియు మాటాడుకొన్న పిమ్మట నేను "లేచునప్పుడు చలివణకు రాకుండ ఏమి చేయుదురండీ?" అని అడిగితిని. అక్కడి యువకుడు నవ్వి, "ఏసీ తగ్గించుదుము లెండి" అనెను. మత్తిచ్చు వైద్యునితో ముందుగా మాటాడవచ్చునా యన్నచో, ఆయన ఆ ఉదయమే వచ్చి ఆ సాయంకాలమే పోవుదురనిరి. వెలుపలికి వచ్చి మెట్లమీద నిలువబడి ఆడపడుచు నా ముఖమును చూచినది. "మఱియొక చోట చూతము" అంటిని. ధరలోని భేదమును తలచుకొని ఆమె దిగులుపడినది గాని కాదనలేదు.

రెండవచోట, చికిత్సకు వారము ముందుగానే మత్తువైద్యురాలు మమ్ము కూర్చుండబెట్టి మాటాడినది. నాకంటె చిన్నది. హైదరాబాదులో 1888, 1889 సంవత్సరములలోనే క్లోరోఫారము మీద పెద్ద పరిశోధనలు జరిగెననియు, ఆ కాలముననే రూపాబాయి ఫర్దూన్జీ అను పారసీక వనిత అక్కడ మత్తునిచ్చు విద్యలో పేరొందెననియు నేనెప్పుడో చదివియుంటిని. ఈమెను చూడగానే ఆ సంగతి జ్ఞప్తికి వచ్చి మనస్సు నిలుకడ చెందినది. నా ప్రశ్న వినగానే ఆమె కలము క్రింద పెట్టినది. "మత్తు ఎక్కువై లేవకపోతే ఎట్లని అందఱును అడుగుదురు. చలిని గుఱించి అడుగువారు తక్కువ. ఐనను అది మేము ప్రతిదినము చేయవలసిన యుద్ధము" అనెను.

ఆమె చెప్పినదానిని నాకు తెలిసినంత వ్రాయుచున్నాను. మన దేహము లోపల 37 డిగ్రీల ప్రాంతమున తన వేడిని కాపాడుకొనును. చలి తగిలినయెడల చర్మములోని రక్తనాళములను బిగించి, వేడిమిని గుండె, కడుపు, శిరస్సులయందు దాచుకొనును. చాలకున్న వణకి వేడి పుట్టించుకొనును. మనము మేల్కొనియున్నచో కొంగు కప్పుకొందుము, కిటికీ మూయుదుము. సంపూర్ణమైన మత్తు ఈ కాపలాలనన్నిటిని తొలగించును. బిగిసిన నాళములు వదులగును. కండరములను సడలించు మందిచ్చుటచేత వణకుటకును వీలులేదు. లోని వేడి కాలుసేతులలోనికి ప్రవహించి, మొదటి గంటలోనే లోపలి ఉష్ణము ఒక డిగ్రీ మొదలు ఒకటిన్నర డిగ్రీ వఱకు పడిపోవును. ఆ పిమ్మట చల్లని గదిలో మెల్లమెల్లగా ఇంకను తగ్గును. 36కు తగ్గినచో దానిని అల్పోష్ణత యందురు.

నేను కొంచెము ఆలోచించి, "కుంపటిలో నిప్పులను నడుమకు కుప్పచేసి నివురు కప్పినచో తెల్లవాఱులు ఉండును, అవే నిప్పులను నేలమీద పఱచినచో గడియలో చల్లాఱును. అంతేనా అమ్మా?" అని అడిగితిని. వైద్యురాలు నవ్వి, ఆ మాటను ఇకమీదట తన శిష్యులకు చెప్పుదుననెను. నాకు లోలోపల గర్వము కలుగలేదనిన అబద్ధమే.

సొగసు చికిత్సలలో ఈ చలి మఱింత యధికమని ఆమె చెప్పినది. కన్నుకో చెవికో చేసినప్పుడు దేహమంతయు కప్పియుంచవచ్చును. పొట్ట, నడుము, తొడలు అనగా ఒడలిలో పెద్దభాగము తెఱచి యుంచవలయును. రొమ్ము మొదలు తొడల వఱకు మందునీటితో తుడుతురు. ఆ తడి ఆఱుచు వేడిని తీసికొనిపోవును. కొవ్వు తీయుటకు ముందు ఉప్పునీరు, తిమ్మిరిమందు కలిపిన ద్రవమును చర్మము క్రిందికి లీటర్లకొలది ఎక్కింతురు; అది గదిలోని చల్లదనముతో నుండినచో, చన్నీళ్లను కడుపులోపలనే పోసినట్లు. పని మూడు నాలుగు గంటలు సాగును. ఇక వైద్యులు పొడుగుచేతుల అంగీలు తొడిగి పెద్దదీపముల క్రింద నిలిచియుందురు గనుక వారికి గది చల్లగా నుండవలయును. చెమట పట్టువారు మాటాడగలరు. చలి పుట్టునామె మాటాడలేదు.

ఆ యొక్క వాక్యము నన్ను విడిచిపెట్టలేదు. ఇంటికి వచ్చిన తరువాతను గిన్నెలు తోముచు దానినే తలపోయుచుంటిని. గుండెకు చికిత్స యనగా ఇంటిల్లిపాది బయలుదేరుదురు. పెదతండ్రులు, మేనమామలు, తెలిసిన వైద్యులు, తెలియని వైద్యులు, ప్రతివాడును ఒక ప్రశ్న వేయును. ఈ చికిత్సకు పోవు ఆడుది మాత్రము దొంగతనమునకు పోవుచున్నట్లు ఒంటరిగా పోవును. ఎవరికిని చెప్పదు గనుక ఎవరును అడుగరు. తానును గట్టిగా అడుగదు. సొగసుకు వచ్చితివి గదా, ఓర్చుకొనుమని యందురేమో యని సిగ్గుపడును. మేల్కొన్నప్పుడే నోరు మెదపని మనిషి నిద్రలో ఏమి చెప్పగలదు?

చల్లబడినందువలన కీడేమి యని నేనడిగిన ప్రశ్నకు వైద్యురాలు దాపరికము లేక జవాబు చెప్పినది. రక్తము గడ్డకట్టు శక్తి మందగించును గనుక రక్తస్రావము కొంత పెరుగును. మందులు దేహమునుండి ఆలస్యముగా దిగును. వణకునప్పుడు ప్రాణవాయువు ఎక్కువ ఖర్చగును, రక్తపు పోటు పెరుగును, కుట్ల క్రింద రక్తము చేరుటకు అవకాశము కలుగును. ఆస్ట్రియా దేశములో పెద్దప్రేవు చికిత్స చేయించుకొన్న 200 మందిని రెండు తెగలుగా చేసి చూచిన పరిశోధన 1996లో వెలువడినదట. 36.6 డిగ్రీలవద్ద వెచ్చగా నుంచినవారిలో నూటికి 6 గురికి గాయము చీముపట్టగా, 34.7 డిగ్రీలకు చల్లబడినవారిలో నూటికి 19 మందికి చీముపట్టినది. "ఐతే బెదరిపోకుడు. 2022లో లాన్సెట్ పత్రికలో ఇంకను పెద్ద పరిశోధన వచ్చినది. 5,000కు పైబడిన రోగులలో 35.5 వద్ద నుంచినవారికిని 37 వద్ద నుంచినవారికిని గుండె విషయములో గాని గాయము విషయములో గాని చెప్పుకోదగిన భేదము కనబడలేదు. ఒక్కొక్క పదోవంతు డిగ్రీకి ప్రాణము మీదికి వచ్చినట్లు కాదు. మిక్కిలి చల్లబడనీయరాదు, అంతే. నా మట్టుకు నేను 36కు పైనే నుంచుదును, వణకు లేక లేచిన మనిషి ముఖమును చూచుట నాకిష్టము" అనెను.

ఇక ఆమె చేయునది యేమనగా, మత్తుకు ముందే అరగంటసేపు కాలుసేతులను వెచ్చజేయుట. బయటి అరలు ముందే నిండియున్నచో లోని వేడి అటు పరుగెత్తదు గదా. ఇందులకు గాలిదుప్పటి కలదు. పలుచని కాగితమువంటి రెండు పొరల నడుమ వెచ్చని గాలిని గొట్టముద్వారా నింపుదురు. క్రింది పొరలోని సన్నని రంధ్రములగుండ ఆ గాలి ఒడలిని తాకును. 1980ల చివరినుండి ఇది వాడుకలోనున్నదట. గాలి వేడి మిక్కిలిగా 43 డిగ్రీలవఱకు పెట్టవచ్చునట. మా వీధిలో రోహిణి నాటి మిట్టమధ్యాహ్నపు గాలియే యని నేననుకొంటిని. చికిత్స జరుగునప్పుడు కోయని భాగములనన్నిటిని, అనగా రొమ్ము, చేతులు, కాళ్లు, తల, కప్పియుంచుదురు. ఎక్కించు ద్రవములను 37 వఱకు వెచ్చచేయుదురు. గుడ్డలు కప్పువఱకు గది చల్లదనమును 21కు తగ్గనీయరు. లోపలి వేడిని నుదుటిమీద చేయి వేసి కాదు, ముక్కునుండి గొంతు వెనుకకు పంపిన సన్నని తీగతో కొలుచుచుందురు.

"మా యింటి కంబళి తేవచ్చునా?" అని అడిగితిని. శస్త్రగృహములోనికి రాదట. "కాని గదినుండి అక్కడికి వచ్చు నడవాలో, వేచియుండు బల్లమీద, పలుచని అంగీతో ఆకలిగా కూర్చుండి చాలమంది అప్పుడే చల్లబడిపోవుదురు. అక్కడికి తప్పక తెండు. మేజోళ్లును తెండు" అనెను.

అట్లు నేను రోహిణి కార్తెలో అటుకమీది ట్రంకుపెట్టె దింపితిని. మా అత్తగారు వసారాలో వత్తులు చేయుచు చూచిరి. "అమ్మాయీ, ఈ యెండలో కంబళి యెందుకే?" అనిరి. "ఆసుపత్రిలో చల్లగా నుండునట అత్తయ్యా" అంటిని. "గర్భసంచియైతే మన ఊరిలోనే చేయుదురు గదా, విశాఖ దాక యెందుకు?" అనిరి. నాకు అబద్ధము నోట రాలేదు. చేతిలో చేయి వేసిన మాట తప్పి, ఉన్నది ఉన్నట్లు చెప్పివేసితిని. ఆమె వత్తుల పళ్లెము ప్రక్కకు నెట్టి లోనికి పోయిరి. రెండు దినములు నాతో మాటాడలేదు. బయలుదేరునప్పుడు కూతురి ముఖమున బొట్టు పెట్టిరి గాని ఒక్క మాటయు అనలేదు. తల్లికి తెలిసిపోయినదని అప్పుడు ఆడపడుచుకు అర్థమైనది. రైలులో ఆమె మౌనమునకు కారణమదియే.

చికిత్సనాటి ఉదయము నడవా నిజముగా మాఘమాసమువలె నుండెను. శాలువలలో చుట్టి, మేజోళ్లు తొడిగి, కంబళి భుజములమీద కప్పితిని. వచ్చిపోవువారు మమ్ము వింతగా చూచిరి. అనంతరము ఆమెను లోనికి పిలిచి గాలిదుప్పటి క్రింద పరుండబెట్టిరి. తలుపుసందునుండి చూచినచో అది ఉబ్బి తెల్లని బూరెవలె నుండెను. "వదినా, హాయిగా నున్నది" అని ఆమె చేయి ఊపినది. అంతట తలుపు మూసిరి.

నాలుగు గంటలు. మఱిదిగారు సెల్‌ఫోను తీయుచు పెట్టుచు నడవాలో తిరుగుచుండిరి. నేను కంబళి అంచులోని పోగులను లెక్కపెట్టుచుంటిని. వైద్యురాలు వచ్చి ముఖముసుగు తీసి "36.4" అని మాత్రము చెప్పి నవ్వినది. ఆ యంకె మఱిదిగారికి అర్థము కాలేదు. నాకు కన్నులు చెమర్చినవి.

లేచునప్పుడు ఆమె పెదవులు కొంచెము అదరినవి. అది క్షణములో ఆగినది. మోకాళ్లక్రింద దిండ్లు పెట్టి నడుము వంచి పరుండబెట్టియుండిరి. మొదట "దాహము" అనెను. తరువాత "అయిపోయినదా వదినా?" అనెను. నేనామె పండ్ల చప్పుడు కొఱకు చెవియొగ్గి కూర్చుంటిని గాని అది వినబడలేదు.

మఱునాడు ప్రొద్దుట గది తలుపు తీయగా మా అత్తగారు! పాసింజరు రైలులో ఒంటరిగా వచ్చిరి. చేతిలో మాగాయ సీసాయు, రబ్బరు వేడినీళ్ల సంచియు. ఎవరితోను మాటాడక, ఫ్లాస్కులోని వేడినీళ్లు సంచిలో పోసి, దుప్పటి తొలగించి కూతురి పొట్టమీద పెట్టబోయిరి. నేను ఎగిరి ఆమె చేయి పట్టుకొంటిని. కోడలు అత్త చేయి పట్టుకొనుట మా యింట అదియే మొదలు. "వలదు అత్తయ్యా! అక్కడ చర్మమునకు ఇప్పుడు స్పర్శ లేదు. వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు తెలియదట. కాలినను ఆమెకు తెలియదు" అంటిని. వైద్యురాలు మొదటిదినమే ఈ మాట హెచ్చరించియుండెను. మత్తులోనున్నవారి ప్రక్కన వేడినీళ్ల సీసాలు పెట్టి ఒడలు కాల్చిన ఉదంతములున్నవనియు, మొద్దుబాఱిన చర్మముమీద ఇంటివారు ప్రేమతో పెట్టు సంచియు అట్టిదేననియు చెప్పినది. నిద్రించువానికి చలి తెలియనట్లే వేడియు తెలియదు.

అత్తగారు సంచిని చేతిలోనే పట్టుకొని నిలిచిపోయిరి. కోపము వచ్చునేమో యని నేను వెఱచితిని. ఆమె కూతురివైపు తిరిగి, "నాకు చెప్పవలసినది కాదే?" అనిరి. ఆడపడుచు కన్నులు మూసికొనినది. కన్నీరు చెవులలోనికి జాఱినది. "నువ్వు తిట్టుదువని" అనెను. "తిట్టుదును. తిట్టి వచ్చియుందును" అనిరి అత్తగారు.

తరువాత సంచిలోని నీళ్లు పాఱబోసి వచ్చి, మంచము చివర కూర్చుండి, అరచేతులు రెండును ఒండొంటితో రుద్దుకొని కూతురి పాదములను పట్టుకొనిరి. "కాళ్లకు స్పర్శ యున్నదా?" అని నన్నడిగిరి. ఉన్నదంటిని. ఆ మధ్యాహ్నమంతయు ఆమె అక్కడనుండి లేవలేదు.